కోట కార్ పార్కులో పదకొండు డబ్బాలు

ఆ పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక డబ్బా గురించి.

"నాలుగు వైపులా క్లిప్పులున్న డబ్బా నాదని ఎన్నిసార్లు చెప్పాలండీ? మొన్న చారంతా కారు సీటు పాలైంది," అంది సుగుణకుమారి.

"నువ్వు కార్లో కూర్చుని తింటావు. నేను కోటలో టూరిస్టుల ముందు కారే డబ్బా పట్టుకు తిరగాలా?" అన్నాడు ఆనందకుమార్. తెనాలిలో పదిహేనేళ్లు చరిత్ర చెప్పిన లెక్చరరు. భార్య వీసా మీద వచ్చి, ఇంగ్లండులో వేల్స్ సరిహద్దు దగ్గరి ఈ చిన్న ఊళ్లో పాత కోటకు కాపలా ఉంటున్నాడు.

"గైస్, ఇట్స్ ఎ బాక్స్," అంది పదమూడేళ్ల రాచెల్, టోస్ట్ నములుతూ.

సుగుణకు డబ్బా ఒక సాకు. హ్యాండ్‌బ్యాగులో మడిచి పెట్టిన కాగితం నిన్నటి నుంచి ఆమెను తినేస్తోంది.

ఆమె ఒక కేర్ కంపెనీలో పనిచేస్తుంది. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం చేయించి, మందులిచ్చి, తినిపించే పని. పోయిన వారం మిల్లు పక్క ఇంట్లో ఒక పెద్దావిడను, మనిషిని ఎత్తే యంత్రం హాయిస్ట్‌తో మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. ఆ యంత్రం దగ్గర ఇద్దరుండి తీరాలి. రోటాలో, అంటే డ్యూటీల పట్టీలో, తోటి కేరర్ పుష్పలీల, సుగుణ, ఇద్దరి పేర్లూ ఉన్నాయి. సుగుణ దారిలో ఉండగా మేనేజరు ఫోన్ చేసి ఇంకో ఊరికి పొమ్మంది. పుష్పలీలను ఒక్కదాన్నే కానిచ్చేయమంది. పెద్దావిడ జారింది. మణికట్టు విరిగింది. తోడు కోసం ఆగకుండా పుష్పలీలే తొందరపడిందని మేనేజరు రాసి, నిన్న ఆ కాగితం ఇచ్చి సాక్షిగా సుగుణను సంతకం పెట్టమంది. సోమవారం రెండింటికి పుష్పలీల మీద విచారణ. విచారించేదీ మేనేజరే.

"పెట్టకపోతే నీ వీసా స్పాన్సర్‌షిప్ గురించి కూడా ఆలోచించాల్సొస్తుంది," అంది నవ్వుతూనే. అది పోతే అరవై రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలి, లేదంటే ముగ్గురూ దేశం వదలాలి.

మధ్యాహ్నం ఇళ్లకు వెళ్లే లంచ్ కాల్స్‌కూ టీ కాల్స్‌కూ మధ్య రెండు గంటల ఖాళీ. కేరర్లంతా ఎక్కడివాళ్లక్కడ రోడ్డు పక్కన కారాపుకుని ఒంటరిగా తింటారు. ఆ రోజు సుగుణ మూత తీస్తే, ఆయన షుగరుకని చేసిన గోధుమరవ్వ ఉప్మా ఉంది. గొడవలో డబ్బాలు తారుమారయ్యాయి. డబ్బా మార్చుకుందామని కారు కోటకు పోనిచ్చింది. రెండేళ్లలో ఆమె లోపల అడుగుపెట్టడం అదే మొదలు.

ద్వారం పక్క గదిలో గోడకు పెద్ద బోర్డు. నడుమ కోట, చుట్టూ దాని కింది ఏడు ఊళ్లు. పేర్లు చదివి సుగుణ ఆగిపోయింది.

"ఇవి నా రోటాలో ఊళ్లేనండీ."

"అవే. అప్పట్లో కోటపాలకుడని ఒకడుండేవాడు. తాళాలు వాడివి, పన్నులు వాడివి, కోర్టూ వాడిదే."

"మరి వాడి మీద ఫిర్యాదు ఎవరికి చెప్పాలి?"

"వాడికే."

సుగుణ నవ్వలేదు. ఆయన పాఠం ధోరణిలో పడ్డాడు. "ఒక్కో కమతానికి ఇన్ని రోజులని కాపలా వంతు. ఒకడు దిగుతుంటే ఇంకొకడు ఎక్కేవాడు."

"అయితే అందరూ కలిసి కూర్చునేదెప్పుడు?"

ఆనందకుమార్ బోర్డంతా చూశాడు. ఆ సంగతి ఎక్కడా లేదు. సుగుణ అక్కడే నిలబడి తోటి కేరర్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది: "రేపు రెండింటికి కోట కార్ పార్క్. డబ్బాలతో రండి."

మర్నాడు పదకొండు చిన్న కార్లు వచ్చాయి. పుష్పలీల అందరికంటే చివర దిగింది.

"నా కోసం మీరెందుకు ఆగమైతరు? తప్పు నాదేనంట గద. పని వదిలి పోత."

"తప్పు నీదెట్లయితాది అక్కా?" కర్నూలు ఫయాజ్ గొంతు లేచింది. "నాకూ అట్లే ఫోన్ చేసినాది. ఒక్కడివే ఎత్తుకో, ఏం కాదని."

"నీకూనా?" అంది ఇంకో కేరర్ గిరిజ.

ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. మేనేజరు కాల్స్ చూపించుకున్నారు. అందరికీ వచ్చింది అదే ఆర్డరు. తమ ఒక్కరికే చేతకాదనుకుంటారని సిగ్గుపడి, ఎవరికి వారే దాచుకున్నారు. కలుసుకుంటేగా తెలిసేది!

"అదంతా సరే," అంది గిరిజ. "మా వాడికి మేలో పెద్ద పరీక్షలు, జీసీఎస్‌ఈలు. నన్ను తీసేస్తే వాడి గతేంటి?"

"ఒక్కదానివైతే తీసేస్తది," పుష్పలీల తలెత్తింది. "అందర్ని తీస్తే ఈ ఏడూళ్లల్ల మందులెవరిస్తరు? ఆమెనే వచ్చి ఇస్తదా?"

"ఆవిడకి ముసలోళ్లకు కట్టే ప్యాడ్ ఏ వైపు ముందో తెలీదు!" అన్నారెవరో. అందరూ నవ్వారు, గిరిజ తప్ప.

"పని ఆపొద్దు," అంది సుగుణ. "ముసలోళ్లేం చేశారు? విచారణ మన ఖాళీ టైంలోనే. అందరం లోపలికెళ్దాం."

గిరిజ డబ్బా మూత పెట్టుకుని, జవాబు చెప్పకుండానే టీ కాల్‌కు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. సుగుణ వడ్డించి, తన కంచం ముందు కూర్చుని చెప్పింది.

"నేను సంతకం పెట్టట్లేదు. సోమవారం పుష్పక్కతో కలిపి పది మందిమి లోపలికి వెళ్తున్నాం. గిరిజ వస్తే పదకొండు."

ఆనందకుమార్ చేతిలో ముద్ద ఆగిపోయింది. రాచెల్ తల్లి వైపూ తండ్రి వైపూ చూసింది.

"విల్ దే సెండ్ అస్ బ్యాక్?"

"తెలీదమ్మా," అంది సుగుణ. మంచినీళ్లు తాగి, భర్త వైపు తిరిగింది.

"ఆ క్లిప్పుల డబ్బా మీరే ఉంచుకోండి. ఇక నుంచి రోజూ రెండింటికి అందరం మీ కోట దగ్గరే తింటాం. నాకు పెద్ద గిన్నె కావాలి."