ఎండలో అతుక్కున్న అక్షరాలు

ఓనరుగారూ, మేడ మీద రేకులు పీకించింది మీరే. దుప్పట్లు ఆరబెట్టే యంత్రం కరెంటు తాగేస్తోందని, ఎండ ఊరికే వస్తోంది కదా అని, ఉన్న కప్పు ఊడదీయించారు. లాండ్రీలో కింద నాతోపాటు ఇస్త్రీ రోలరు దగ్గరుండే మా అక్కని పైకి తోలారు. ఇప్పుడు అక్క ముక్కు పక్కన గడ్డ కోసి కుట్టిన గాటుంది. చెవి కింద ఇంకోటి లేస్తోంది. విధి అని నాకు చెప్పకండి. ఇది మీ పని.

అక్క ముఖం నిండా చిన్నప్పటి నుంచీ మచ్చలే. అవి ఎందుకో మొన్నటిదాకా మాకూ తెలియదు. తెలిశాక మీకు చెప్పాం. అయినా ఎండలోనే ఉంచారు.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలాగే చెప్పింది. "కణం రెండు కావాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు రాసుకోవాలమ్మా. ఎండ తగిలితే అందులో పక్కపక్క అక్షరాలు రెండు అతుక్కుపోతాయి. నకలు రాసే ఎంజైమ్ మహా నిక్కచ్చి. అక్కడ ఆగిపోతుంది. అప్పుడు కణం ఇంకో ఎంజైమ్‌ని పిలుస్తుంది. అది ఆ అతుకు మీంచే సరిగ్గా రాసి, దాటించి, తప్పుకుంటుంది. మీ అక్కకి పుట్టుకతోనే అది లేదు."

"అంటే నాలో ఒక పోస్టు ఖాళీ అన్నమాట," అంది అక్క. "నేను కింద చేసిన పనికే నాలో దిక్కులేదు."

నిజమే. గంజి పెట్టిన దుప్పట్లు రెండు అతుక్కుని రోలరు దగ్గరికొస్తే నేను ఆపేసేదాన్ని. అక్కని కేకేస్తే వచ్చి, ఆ మడతని అలాగే చేత్తో సర్ది దాటించి పోయేది. విడదీయడం తర్వాత ఎవరో చూసుకునేవారు.

"మరి పిలిస్తే ఎవరూ రారా?" అని డాక్టరమ్మనడిగాను.

"ఎవరో ఒకరొస్తారు. వచ్చినవాళ్ళకి ఆ అతుకు చదవడం రాదు. తోచింది రాస్తారు. ఆ తప్పులు పోగుపడే ఈ గడ్డలు. మందంటే నీడే."

ఇవాళ మధ్యాహ్నం, తిండి తిన్నాక, వెచ్చటి దుప్పట్ల గుట్టకి ఆనుకున్నాను. కళ్ళు మూతపడ్డాయి. ఆవిరంతా తెల్లటి వీధి అయింది. వీధి పొడవునా ఒక పోగు సాగుతోంది. దాని వెంట ఒకామె నకలు రాస్తూ నడుస్తోంది. ఆమె చేతులు నావే. పోగు చుట్టూ ఒక ఉంగరం మెత్తగా జారుతోంది. అతుక్కున్న రెండక్షరాల దగ్గర ఆమె ఆగింది. ఎవరో వచ్చి ఉంగరానికి చిన్న చీటీ కట్టారు. పిలుపంటే అదేనని ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసింది.

వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒక్కో గదిలో ఎండ నీళ్ళలా నిలిచి ఉంది. అందులో ఒక గదిలో కుర్చీ ఉంది, కుర్చీలో మనిషి లేదు. నేను కేకేశాను, గొంతు దూదిలా రాలింది. చివరికి కళ్ళు మూసుకున్న ఒకడు తాపీగా వచ్చాడు, చేతికొచ్చింది రాశాడు, పోయాడు. పోగు మళ్ళీ సాగింది. అతను రాసినచోట చిన్న మొగ్గ లేచింది. అందంగానే ఉంది. అందుకే భయమేసింది.

మెలకువ వచ్చేసరికి అక్క తడి మూట భుజానికెత్తుకుని మెట్ల దగ్గరుంది. మీ మేనేజరు పక్కనే నిలబడ్డాడు.

"అక్కని కిందే ఉంచండి," అన్నాను.

"ఎండ అందరికీ కాస్తోంది. మీ అక్కొక్కతే మైనపు బొమ్మా?"

"అవును. కరుగుతోంది, చూడండి." అక్క గడ్డం పట్టి చెవి కింద చూపించాను. అతను చూపు తిప్పుకున్నాడు.

"పోనీలేవే, తువ్వాలు కప్పుకుంటా," అంది అక్క.

"నీ తువ్వాలు గంగలో కలవనీ." మూట లాక్కుని నా భుజానికెత్తుకున్నాను. "వెళ్ళి రోలరు దగ్గర నిలబడు."

"ఇవాళ్టికి సరే. రేపు ఎవరి చోట వాళ్ళుండాలి," అన్నాడు మేనేజరు.

మేడ మీద గాలి లేదు. దుప్పట్ల మధ్య నడుస్తుంటే నా చర్మం కింద కూడా అక్షరాలు అతుక్కుంటున్నట్టే ఉంది. నాలో పిలిస్తే వచ్చేది ఉంది. ఈ మేడ మీద పనిచేసే మిగతావాళ్ళలోనూ ఉంది. అయినా పొద్దస్తమానం దాన్నెంతకని పరిగెత్తిస్తాం?

రేపు అనే మాట వద్దు. అక్క ఇక పైకి రాదు, కిందే చేస్తుంది. రేకులు ఇవాళే తెప్పించి బిగించండి. బిగించేదాకా ఇక్కడ ఒక్క దుప్పటి కూడా ఆరదు.