ఆవిడకెలా తెలుసు?

బళ్ళో పిల్లలు నాకు పెట్టిన పేరు ‘ఎవరన్నారు టీచర్’. వెనకాల అనుకుంటారు, నాకు వినపడదనుకుంటారు. అనుకోనివ్వండి. ఇంటర్నెట్లో వెతకడం నేర్చుకోండర్రా అంటే, కనిపించిన పేజీని ఉన్నదున్నట్టు దింపేసి తెచ్చే రకాలు వీళ్ళు. నదుల మీద వ్యాసం రాయమంటే ఒక మహానుభావుడు మధ్యలో ‘మోకాళ్ళ నొప్పులా? ఇక్కడ నొక్కండి’ అన్న ప్రకటన కూడా రాసుకొచ్చాడు, అదీ ముత్యాల్లాంటి అక్షరాలతో! నవ్వాలో ఏడవాలో తెలియక, వాడి చేతే దాన్ని క్లాసంతా వినేలా చదివించాను.

ఆ మర్నాడే ఒక నియమం పెట్టాను. ప్రతి వాక్యానికీ ఎదురుగా మార్జిన్లో రెండు సంగతులు రాయాలి: ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు. తెలియకపోతే ‘కనుక్కోవాలి’ అని రాయాలి గానీ కల్పించి రాయకూడదు. మందు అమ్మేవాడు ఆ మందు గురించి చెప్పింది నమ్మకూడదు. పది పేజీలు ఒకే మాట అంటున్నాయంటే పదిమందీ ఒకడి దగ్గరే ఎత్తేసి ఉండొచ్చు, మొదట అన్నవాడెవడో పట్టుకోవాలి. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది.

మా తమ్ముడి కూతురు బుజ్జి కూడా నా క్లాసే. తమ్ముడు ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. మరదలు వాడి మంచం పక్కనుంచి కదలడం లేదు. వాడికి కాలేయం పాడైపోయింది. ఇంక చెయ్యగలిగిందేమీ లేదు, నొప్పి తెలియకుండా మాత్రం చూస్తాం అని డాక్టరు మాతో చెప్పేశారు. “అక్కా, బుజ్జికి బళ్ళో పరీక్షలయ్యేదాకా ఈ సంగతి చెప్పొద్దు. తగ్గిపోతుందని చెప్పు” అన్నాడు వాడు నా చెయ్యి పట్టుకుని. సరే, తగ్గిపోతుందన్నాను. వాణ్ణి చూస్తే దానికి తెలిసిపోతుందన్న భయంతో, ఆస్పత్రిలోకి పిల్లల్ని రానివ్వరని కూడా అన్నాను. మారుమాట లేకుండా నమ్మింది. నేను టీచర్ని కదా.

మొన్న స్టాఫ్ రూములో కూర్చుని వ్యాసాలు దిద్దుతున్నాను. ఈసారి ఎవరికి నచ్చిన విషయం వాళ్ళు రాయొచ్చన్నాను. బుజ్జి కాలేయ జబ్బుల మీద రాసింది. ఎంత బాగా రాసిందో! ఒక్క వాక్యం ఎత్తి రాసింది కాదు. వారంలో నయం చేస్తామన్న ఒక పేజీ గురించి ‘వీళ్ళు మందు అమ్ముతున్నారు, వదిలేశాను’ అని రాసుకుంది. డాక్టర్లు డాక్టర్ల కోసం రాసుకున్నవి వెతికి, అర్థం కాని మాటలు ఒక్కొక్కటీ కనుక్కుని, ‘ఈ దశకు వచ్చినవాళ్ళు సాధారణంగా కోలుకోరు’ అని తన మాటల్లో రాసింది. ఆ కింద చివరి వాక్యం, ‘మా నాన్నకి మాత్రం తగ్గిపోతుంది.’ ఎదురుగా మార్జిన్లో, ‘చెప్పింది మా అత్త. ఆవిడకెలా తెలుసు: కనుక్కోవాలి.’

ఎర్ర పెన్ను పక్కన పెట్టేశాను. ఏం దిద్దను, నా మొహం!

మధ్యాహ్నం గంట కొట్టగానే తనే వచ్చింది. బళ్ళో నన్ను అందరిలాగే టీచర్ అంటుంది.

“టీచర్, నాదొకటి మిగిలిపోయింది. మీకెవరు చెప్పారు? డాక్టరుగారా?”

“ముందు అన్నం తిన్నావా?”

“తిన్నాను. డాక్టరుగారేనా?”

“అబ్బబ్బ, పోలీసులా ఏమిటే ఆ ప్రశ్నలు!” అని కసిరాను. కసిరితే ఊరుకుంటుందేమో అనుకున్నాను. ఊరుకోకుండా అక్కడే నిలబడింది. దానికి అబద్ధం చెప్పడానికి ఇంక నాకు నోరు రాలేదు.

“ఎవరూ చెప్పలేదమ్మా. నేనే అన్నాను.”

“పిల్లల్ని రానివ్వరన్నది?”

“అదీ నేనే.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“మరైతే మనం ఇక్కడేం చేస్తున్నాం అత్తా?” అంది.

ఆస్పత్రికని దొరికిన బండి ఎక్కాం.

తమ్ముడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. మరదలు నన్ను చూసి లేచింది, నా వెనక బుజ్జిని చూసి ఆగిపోయింది.

“పొద్దున్నుంచీ పలకట్లేదు వదినా. రాత్రి బాగానే మాట్లాడారు. బుజ్జి ఎలా చదువుతోందని అడిగారు” అంది.

బుజ్జి వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని, “నాన్నా, నేనొచ్చాను” అంది. మళ్ళీ అంది. వాడి వేళ్ళు కదల్లేదు. ఒక్కరోజు ముందు తీసుకొచ్చి ఉంటే వీళ్ళిద్దరూ మాట్లాడుకునేవాళ్ళు. ఆ పాపం నాది.

“నిద్రపోతున్నాడే. కాసేపట్లో లేస్తాడు” అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

బుజ్జి నా వైపు తిరగనైనా తిరగలేదు. వాళ్ళమ్మ మొహంలోకి చూస్తూ అడిగింది.

“అమ్మా, నాన్న లేస్తాడా?”