నలుగురాటలో అరటిపండు

నియమాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆరు వాక్యాలు. వాటిలో ‘క’తో మొదలయ్యే మాట ఒక్కటీ లేదు.

నాకు నత్తి. అన్ని అక్షరాల దగ్గరా రాదు. క దగ్గరే నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. అందుకే కార్డు అనవలసిన చోట ముక్క అని, కలిసి అనే చోట జతగా అని, కొట్టడం అనే చోట దాడి అని రాశాను. ముప్ఫై ఆరేళ్లుగా నేను మాట్లాడేది ఇలా ఏరుకున్న తెలుగే. ఆఫీసులో నన్ను పద్ధతైన మనిషి అనుకుంటారు.

నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, మెట్టకూరులో నా స్నేహితుడు జోయల్ వాళ్ల మేడగదిలో మేమిద్దరం ఈ ఆట ఆడుతున్నాం. కొరియర్‌లో తెప్పించుకున్న బొమ్మల కార్డులు; ఒక్కో దాని మీద ఒక్కో జంతువు, దానికింత బలమని అంకె. ఎవరి కట్ట వాళ్లు కూర్చుకోవాలి. ఇద్దరి ఆటలో మాటలక్కర్లేదు. కార్డు వెయ్యడం, తలూపడం, అంతే. నేను అక్కడికి వెళ్లేది ఆట కోసమా, ఆ మౌనం కోసమా అని ఎప్పుడూ నన్ను నేను అడగలేదు.

కిందటి వారం జోయల్ అక్క ఆగ్నెస్, ఆమెతో నర్సుగా పనిచేసే హారిక తామూ నేర్చుకుంటామన్నారు. నలుగురు సరదాగా ఆడే పద్ధతి ఒకటుందని, నేర్పుతానని నేనే మెసేజ్ పెట్టాను. రాసేటప్పుడు నాకు నత్తి ఉండదు. పంపేశాక గుర్తొచ్చింది: ఆ పద్ధతి మాటల మీదే నడుస్తుంది. ఎవరి మీదికి ఎవరు వెళ్లాలో బేరాలాడాలి, మాటివ్వాలి, అవసరమైతే తప్పాలి. ఆ వారమంతా స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని, నీళ్ల చప్పుడులో ఆ ఆరు వాక్యాలూ చదివాను.

ఆదివారం నలుగురం బల్ల చుట్టూ చేరాక, కాగితం చూసి ఆరు వాక్యాలూ చదివేశాను.

“ముక్కలేంటయ్యా నెహెమ్యా, పేకాటనుకున్నావా?” అని ఆగ్నెస్ నవ్వింది. “పాస్టరుగారు విన్నారంటే మనల్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి వాక్యం చెప్తారు.”

“ఆయ్, ముక్కలే బాగుందండి,” అంది హారిక. “తలా నలభై ప్రాణాలు. ఎవరైనా ఎవరి మీదైనా పడొచ్చు. ఆఖరికి మిగిలినోళ్లు గెలిచినట్టు. అంతేనాండీ?”

“అంతేనండి.”

చెమటకు తడిసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. గండం గడిచిందనుకున్నాను.

“హారికక్కా, నన్నొదిలెయ్. మా అక్క దగ్గర పులి ఉంది చూడు, దాని సంగతి చూడు,” అని జోయల్ బతిమాలాడు.

“ఓరి నీ దుంపతెగ! సొంత అక్కని అమ్మేస్తావేంట్రా!”

ముగ్గురూ అరుచుకుంటూ ఆడుతున్నారు. నాలుగో చుట్టు తిరిగేసరికి ప్రాణాలు రాసుకుంటున్న కాగితం వైపు చూశాను. జోయల్ కింద ఆరు కొట్టివేతలు, చివర పదకొండు. ఆగ్నెస్‌వి పంతొమ్మిది. హారికవి ఇరవై మూడు. నా పేరు కింద ఒక్కటే అంకె, నలభై, నలగకుండా ఉంది.

నా ముందున్నవి చిన్న ముక్కలు. ఒక ఉడుత, రెండు కొంగలు. భయపడడానికేమీ లేదు.

చిన్నప్పుడు అడవిపొలం ఊళ్లో మా పెదనాన్న వాళ్ల వాకిట్లో ఏడు పెంకులాట ఆడేవాళ్లం. బంతి నా వీపుకు తగిలేది. ఎవరూ అవుటని అరిచేవారు కాదు. “వాడు అరటిపండురా,” అనేవారు. పసిపిల్లలకిచ్చే చోటు అది: ఆటలో ఉంటాడు, లెక్కలో ఉండడు. నాకప్పుడు పదకొండేళ్లు. అవుటైతే నేనేదో చెప్పబోయి ఇబ్బంది పడతానని వాళ్ల దయ. తగిలిన చోట నిజంగానే మండేది.

“నా మీదికి ఎవరూ రావట్లేదేం?” అని అడిగాను.

“మీరు నేర్పేవారు కదండీ,” అంది హారిక. అని జోయల్ వైపు చూసింది. జోయల్ తన ముక్కల్ని సర్దుకోవడం మొదలుపెట్టాడు.

“నువ్వేమైనా చెప్పావా?”

“మొదటి రోజు కదా అన్నయ్యా,” అన్నాడు తలెత్తకుండా. “ముందే అవుటైపోతే నీకు మళ్లీ మాట్లాడాలనిపించదేమోనని... నిన్నొదిలెయ్యమన్నాను.”

కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. లోపల ఎవరో హాయిగా వెనక్కి వాలారు. ఇలాగే ఉండిపోవచ్చు, వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం, నలభై నలభైగానే. ఈ బల్ల దగ్గర నాకెప్పుడూ చోటుంటుంది. నేను ఉన్నానో లేదో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

“అయితే నేను అరటిపండునన్నమాట.”

ఆగ్నెస్ నవ్వబోయి ఆగిపోయింది. హారిక వంతు వచ్చింది. ఆమె చేతిలో ఎనుగొడ్డు ముక్క ఉంది, కొమ్ముల గేదె బొమ్మ, బలం ఇరవై.

“మరి ఎవర్నండీ?”

“నన్ను,” అన్నాను. దాడి చెయ్యండి అనొచ్చు. ఆ మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. “నన్ను క... క...”

జోయల్ పెదవులు కదిలాయి. నాలుగేళ్లుగా నా మాటలు పూర్తిచేస్తున్న పెదవులవి. ఆగ్నెస్ తమ్ముడి మణికట్టు పట్టుకుంది. ఫ్యాను గాలికి ప్రాణాల కాగితం లేచి పడుతోంది.

“క... కొట్టండి.”

హారిక కొట్టింది. ఆమె తర్వాత ఆగ్నెస్ పులితో వచ్చింది, తొమ్మిది. జోయల్ నా ముఖంలోకి చూసి, ఉన్నవన్నీ ముందుకు తోశాడు. నాకు మిగిలిన ప్రాణాలు పదకొండు, అతను సరిగ్గా పదకొండే కొట్టాడు.

“అవుట్!” అని ఆగ్నెస్ నా పేరు మీద గీత కొట్టింది. “అందరికంటే ముందు పోయావయ్యా గురువుగారూ.”

నా ముక్కల్ని ఏరి కట్టగా పెట్టుకున్నాను. భయం పోలేదు, చోటు మారింది. ఇప్పుడు నాకు పనేమీ లేదు. వాళ్లు నన్ను మరిచిపోయి ఆడతారేమో.

“ఏవండీ,” అని హారిక ఒక కొంగను ఎత్తి చూపించింది. “ఈ ముక్క ఇప్పుడు వెయ్యొచ్చా?”

నేను తప్పించుకోవడానికి వాడిన మాట ఈ బల్ల మీద దాని పేరైపోయింది. కార్డు అని అసలు పేరు చెబుదామని నోరు తెరిచాను. క దగ్గర ఆగింది. ముగ్గురూ ఆట ఆపి నా వైపు చూస్తూ కూర్చున్నారు. జోయల్ పెదవులు ఈసారి కదల్లేదు.