పందిరి మీద మిగిలిన పచ్చి హాప్స్

మా తమ్ముడు ఆర్మండ్ పొలం నిండా హాప్స్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వుల తీగ, పండిస్తాడు, ఫ్రిజ్ నిండా చప్పటి బీరు పెట్టుకుంటాడు. మా తాత కాలం నుంచీ మాక్సీ లోయలో మాది హాప్స్ పంటే. కోసి, ఆరబెట్టి, బేళ్ళు కట్టి గోడౌన్లకు పంపేస్తాం. ఆ తర్వాత ఎవరి పంట ఎందులో కలుస్తుందో, ఏ సీసాలోకి పోతుందో ఎవరికీ తెలియదు. ఇది మన హాప్స్‌తో చేసిన బీరు అని తాగినవాళ్ళు మా వంశంలో ఒక్కరూ లేరు. ఇంతకంటే సిగ్గుచేటు ఉంటుందా అని నేను, అంతేలే అని వాడు.

ఇద్దరికీ పేచీ వచ్చింది మాత్రం మా ఇంటి వెనక ఉన్న ఒక తీగల వరస గురించి. అది పేరు లేని రకం. ఆ పువ్వు పచ్చిగా ఉన్నప్పుడు వేళ్ళ మధ్య నలిపితే బత్తాయి తొక్క, మామిడి జీడి కలిసినట్టు వాసన వేస్తుంది. నాకు ప్రాణం లేచొస్తుంది. కొనేవాళ్ళు మాత్రం దాన్ని అడగరు. ఈ కోత కాగానే వేళ్ళతో సహా తవ్వించి, అందరూ అడిగే రకం నాటుతానన్నాడు ఆర్మండ్. చెవినిల్లు కట్టుకుని పోరాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం వాడు.

"సరే, ఆ హాప్స్‌తో నేను బీరు చేస్తా" అన్నాను చివరికి. "తాగి నువ్వు రెండో గ్లాసు అడిగావంటే వరస ఉండాలి."

"అడక్కపోతే?"

"నేనే పార పట్టుకుని తవ్వేస్తా."

"నీ నడుముకి పార లేస్తుందా అక్కా? గరిటె లేస్తే చాలు."

"నోరు మూసుకుని కోత రోజున ఓ బకెట్టు హాప్స్ పట్రా. పచ్చివి. విన్నావా? పచ్చివి!"

కోత రోజు రానే వచ్చింది. మా ఆయన వెర్న్ స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. అంతా డబ్బాలో దొరికే మాల్ట్ పాకంతో, అంటే బార్లీ మొలకల చిక్కటి రసంతో కానిచ్చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మొత్తం గింజలతో చెయ్యడానికి అంతంత పాత్రలు మాకు లేవు, అలాగని పాకం ఒక్కటే పోస్తే ఆ రుచిలో ప్రాణం ఉండదు. అందుకని సగం ఇదీ సగం అదీ. మొలకెత్తించిన బార్లీ కొంత పగలగొట్టి, గుడ్డ సంచిలో కట్టి, వేడినీళ్ళలో నానబెట్టాను. నీళ్ళు మరీ కాగితే గింజలోని పిండి తీపిగా మారదు, చల్లారినా మారదు. అందుకే గిన్నెకి రజాయి చుట్టి, బాలింతరాలికి కాపలా ఉన్నట్టు పక్కనే కూర్చున్నాను.

గంట గడిచాక తెల్ల సాసరులో రెండు చుక్కలు పోసి, పైన అయోడిన్ చుక్క వేశాను. నల్లబడితే పిండి ఇంకా మిగిలినట్టు. వంగి చూశాను. నల్లబడలేదు!

"వెర్న్! మారింది! పిండంతా తీపైపోయింది!"

"మెల్లగా అరువు. పక్కింటివాళ్ళు లాటరీ తగిలిందనుకుంటారు" అన్నాడు గానీ, వేలు ముంచి నాకి, ఇంకోసారి ముంచాడు.

సంచి ఎత్తి, వేడినీళ్ళతో కడిగి, అడుగంటకుండా మంట ఆపి పాకం కలిపి, మళ్ళీ పొయ్యి వెలిగించాను. పొంగు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆర్మండ్ బకెట్టు మోసుకుంటూ, పెళ్ళికొడుకులా నవ్వుకుంటూ వచ్చాడు. మూత తీశాను. హాప్స్ గలగలలాడాయి.

"ఇవి ఎండువి కదరా!"

"మరి? నీ కోసం వేడిగాలి కొట్టంలో మొదటి వాయిలోనే వేసి, దగ్గరుండి ఆరబెట్టించా."

"పచ్చివి తెమ్మని చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"చెప్తే మాత్రం? కోసింది కోసినట్టు మనింట్లో ఎవరికైనా ఇస్తామా అక్కా? తాత లేచొచ్చి తంతాడు."

వాడి ముఖంలో కల్లాకపటం లేదు. హాప్స్ ఆరబెట్టకుండా గడప దాటించడం వాడికి నిజంగానే చేతకాదు. వరసంతా పొద్దున్నే కోసి కొట్టంలో వేసేశాడట. గిన్నె కుతకుతలాడుతోంది, నాకు ఏడుపొస్తోంది. కిటికీలోంచి బయటికి చూశాను. పందిరి వైర్లకు చుట్టుకుని, మిషను కత్తికి అందని కొసలు అక్కడక్కడా పచ్చగా వేలాడుతున్నాయి!

"ట్రాక్టరు తియ్యరా!"

"ఏంటీ?"

"తియ్యమన్నానా! వెర్న్, చేదు కోసం ఎండువి ఓ గుప్పెడు ఇప్పుడే వేసెయ్. మంట ఆపే టైం దగ్గరపడితే కారు హారన్ కొట్టు."

ట్రాక్టరు వెనక ఎత్తుగా, మనిషి నిలబడే గూడు ఉంటుంది. ఈ వయసులో దాన్లోకి ఎలా ఎక్కానో నాకే తెలియదు. ఆర్మండ్ వరసలో బండి పోనిస్తుంటే, చేతికందిన కొసనల్లా లాగి, పువ్వులు దూసి బకెట్లో పడేశాను. ఆ తీగల గరుకుకి మోచేతుల దాకా ఎర్రగా చీరుకుపోయింది. ఒక్క మంటా తెలియలేదు.

"అక్కా, పడితే బావకి నేనేం చెప్పాలి?"

"పడను. ఎడమకి! ఎడమకిరా, నీ ఎడమ ఏదో నీకు తెలియదా!"

బకెట్టు అంచుకు వచ్చేసరికి హారన్ మోగింది. అలా ఇలా కాదు, లోయంతా మోగింది. దిగి, పరిగెత్తి, వెర్న్ మంట ఆపిన క్షణానికి బకెట్టంతా బోర్లించాను. వంటగది నిండా గుప్పుమంది. నేనూ వెర్నూ చిన్నపిల్లల్లా గెంతాం.

చల్లార్చాం, ఈస్టు వేశాం. పొంగి అణిగాక చక్కెర కలిపి సీసాలకెత్తాం. చలి ముదిరాక, సీసాల్లో గ్యాసు పట్టాక ఆర్మండ్‌ని పిలిచాను. మూత తియ్యగానే తుస్సుమంది. తెల్లటి నురుగు. గ్లాసు వాడి ముందు పెట్టాను.

వాడు ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"చేదు అక్కా."

"బీరంటే చేదేరా!"

వాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మళ్ళీ వాసన చూశాడు. కొంచెం కొంచెంగా మొత్తం తాగి, గ్లాసు బోర్లించి లేచి కోటు వేసుకున్నాడు. రెండోది అడగలేదు. పార ఎక్కడుందో చూడమని వెర్న్‌తో అన్నాను.

తలుపు దగ్గర ఆగాడు ఆర్మండ్.

"ఈ వాసన... పచ్చి పువ్వుకి ఉండేదే కదా ఇది?"

"అదే."

"మరి నేను ఇన్నేళ్ళూ కొట్టంలో నిలబడి, దీన్నంతా ఆవిరి చేసి ఆకాశంలోకి పంపించానన్నమాట."

నేను వాడు బోర్లించిన గ్లాసు తీసి నిలబెట్టాను.

"పందెం నువ్వు ఓడిపోయావ్. నేను రెండో గ్లాసు అడగలేదు" అన్నాడు. "వచ్చే కోతకి ఆ వరస కొట్టం గడప తొక్కదు. కోసింది కోసినట్టు నేనే తెచ్చిస్తా. ఆ గుప్పెడు ఎండువి కూడా వెయ్యకు. అప్పుడు చేసిన బీరైతే అడుగుతా."

వాణ్ణి వాటేసుకుని ఏడ్చేశాను. వాడు మాత్రం తాతకి చెప్పొద్దని సమాధుల తోట వైపు చెయ్యి చూపించాడు.