పావు తిప్పు

నాకు అరవై ఒకటి నిండాయి. నలభై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తున్నాను గానీ, రోజుల తరబడి ఒక సైకిలు మీద కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. బుద్ధి గడ్డి తిని బయల్దేరానని మా ఆవిడ అంది. ఆవిడ మాట చాలా విషయాల్లో తప్పు. ఈ విషయంలో సగమే తప్పు.

ఇదంతా మా అమ్మాయి పెట్టిన పరీక్ష. నాకు కాదు, అల్లుడికి. అమ్మాయి నర్సు. ఎనిమిది నెలల క్రితం మూడు కనుమల అవతల ఒక కొండ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే వెళ్ళిపోయింది. అల్లుడు వెంట వెళ్ళలేదు. అతను మొదట నా షాపులోనే పనికి చేరాడు, ఏడాదిన్నరకి మానేశాడు. తర్వాత ఫొటో స్టూడియో అన్నాడు, అదీ వదిలేశాడు. కంప్యూటర్ల రిపేరు నేర్చుకుంటానని ఆర్నెల్ల కోర్సులో చేరి నాలుగో నెల్లో ఇంటికొచ్చేశాడు. మంచివాడే, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కానీ ఏ పనిలోనూ చివరిదాకా నిలవడు.

ఒకరోజు ఫోన్లో మొగుడూ పెళ్ళాం మాటా మాటా అనుకున్నారు. "సైకిలు తొక్కుకుంటూ వచ్చేస్తా, చూడు" అన్నాడట ఇతను. అమ్మాయి ఊరుకునే రకం కాదు, నా కూతురు కదా. "రా అయితే. బస్సెక్కకుండా వస్తే తలుపు తీస్తా, ఇక్కడే కలిసుందాం. మధ్యలో బస్సెక్కావా, అట్నుంచటే ఇంటికెళ్ళిపో. మళ్ళీ నాకు ఫోన్ కూడా చెయ్యకు" అంది. అంతటితో ఆగక నాకు విడిగా ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వూ వెంట వెళ్ళు."

"నేనా? ఈ మోకాళ్ళతోనా?"

"నువ్వు చెప్తే నమ్ముతాను. ఆయన కొండ నడిచి ఎక్కినా ఫర్వాలేదు. నువ్వు మాత్రం సాయం చెయ్యకు. ఆయన మొదలుపెట్టినవి ఎప్పుడూ ఎవరో ఒకరు లాక్కుని పూర్తి చేస్తూనే ఉన్నారు."

ఆ ఎవరో ఒకరు ఎవరని నేను అడగలేదు.

మొదటిరోజు దారి మామూలుగానే ఉంది. పొలాలు, ఇటుక బట్టీలు, రోడ్డు పక్కన లారీ టైర్ల కొట్లు. మధ్యాహ్నం నుంచి రోడ్డు పైకి లేవడం మొదలెట్టింది. అల్లుడు సామాను సంచులతో సహా చులాగ్గా ఎక్కేస్తున్నాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఒక కాలు నేలమీద ఆనించి, నా కోసం చూస్తున్నాడు. నేను ఒగరుస్తూ చేరగానే "మెల్లగా రండి మామయ్యా, తొందరేం లేదు" అంటాడు. ఎంతో మర్యాదగా అంటాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. నా షాపులో నాకు గాలి పంపు అందించిన మనిషి నన్ను మెల్లగా రమ్మనడమేమిటి?

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. చక్రం బెండు ఎవరు తీసినా, ఆఖర్న నేను దాన్ని గాల్లో తిప్పి, బొటనవేలి గోరు రిమ్ము పక్కన వెంట్రుకవాసి దూరంలో పెట్టి చూస్తాను. గోటికి ఎక్కడా తగలకుండా తిరిగితేనే ఆ బండి షాపు దాటుతుంది. నేను ఒకసారి చూసిన బండిని మళ్ళీ ఇంకెవరూ చూడకూడదు. అల్లుడు షాపు మానేసి ఆరేళ్ళయినా ఆ పద్ధతి మాత్రం మానలేదు. అందుకే రెండోరోజు పొద్దున్నే, అతను స్నానానికి వెళ్ళినప్పుడు, నేను లాడ్జి వరండాలో రెండు సైకిళ్ళకీ నూనె వేస్తుంటే, తిరిగొచ్చి చూసి, "అయ్యాయా మామయ్యా?" అని మాత్రమే అడిగాడు.

నేను వేసింది నూనె ఒక్కటే కాదు. అతని వెనక చక్రం ఇరుసు దగ్గర కోను అని ఒకటుంటుంది. దాన్ని పావు తిప్పు ఎక్కువ బిగిస్తే చక్రం తిరుగుతుంది, బరువుగా తిరుగుతుంది. చప్పుడు చెయ్యదు. కంటికి కనిపించదు. నేను పావు తిప్పు బిగించాను. సాయం చెయ్యకు అంది గానీ ఇది సాయం కాదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ముసలాణ్ణి, నాతో సమానంగా వస్తే ఏం పోయింది అనుకున్నాను.

ఆరోజు ఇద్దరం పక్కపక్కనే ఎక్కాం. నిజం చెప్పాలంటే చాలా హాయిగా ఉంది. అతను నాతో మాట్లాడుతూ ఎక్కాడు. అమ్మాయికి కోపమొస్తే గిన్నెలన్నీ మళ్ళీ కడుగుతుందని చెప్తే ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. అయినా సాయంత్రం ఆఖరి మలుపులో వంద గజాలు నాకంటే ముందు చేరి, వెనక్కి తిరిగి చూశాడు. దాంతో మూడోరోజు పొద్దున ఇంకో పావు తిప్పు బిగించాను.

మూడో కనుమ అన్నిట్లోకీ పెద్దది. కింద ఏరు, పైన బండలు, మధ్యలో మెలికలు తిరుగుతూ రోడ్డు. గంట గడిచేసరికి అల్లుడు వెనకబడ్డాడు. రెండో గంటలో నేనే మలుపు దగ్గర ఆగి ఎదురుచూడాల్సి వచ్చింది. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి, పెదాలు ఎండిపోయి, నేలకేసి చూస్తూ వచ్చాడు. "మెల్లగా రా, తొందరేం లేదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత సంబరంగా ఉందో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది.

సగం కొండెక్కాక ఒక టీ బంకు, దాని పక్కన బస్సు ఆగే రేకుల షెడ్డు ఉన్నాయి. అల్లుడు సైకిలు గోడకి ఆనించి బల్లమీద కూలబడ్డాడు. టీ తెచ్చిచ్చినా తాగలేదు.

"బస్సెప్పుడు?" అని బంకతన్ని అడిగాడు.

"పావుగంటలో వస్తుంది" అన్నాడతను.

"అదేంటి అల్లుడూ? కాస్త నడుద్దాం. నడిచినా ఫర్వాలేదంది కదా."

"నడిచి ఏం లాభం మామయ్యా? మొదటిరోజు ఎక్కగలిగాను. నిన్న కష్టమైంది. ఇవాళ అసలు కాళ్ళే లేవట్లేదు. మీరు అరవయ్యేళ్ళు దాటి కూడా ఎక్కుతున్నారు. ఏది మొదలుపెట్టినా నాకింతే. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. నాలోనే ఏదో లేదు."

అతను ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తన గురించి ఒక లెక్క తేలిపోయినట్టు చాలా నెమ్మదిగా చెప్పాడు. నేను నోరు మూసుకుంటే అతను బస్సెక్కుతాడు, నా కూతురి కాపురం ఆ షెడ్డులోనే ఆగిపోతుంది. నోరు తెరిస్తే ఈ మనిషి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇలాంటి చోట కూడా నేను ఆలోచించానంటే నా బుద్ధి ఎలాంటిదో మీరే చూడండి.

"నీ వెనక చక్రం ఎత్తి తిప్పు" అన్నాను.

"మీరు చూశారుగా."

"చూశాను. నువ్వు తిప్పు."

ఒక చేత్తో సీటు పట్టుకుని ఎత్తి, ఇంకో చేత్తో చక్రాన్ని తోశాడు. రెండు చుట్లయినా పూర్తిగా తిరక్కుండా ఆగిపోయింది. మళ్ళీ తోశాడు, మళ్ళీ ఆగిపోయింది. నేను మొత్తం చెప్పేశాను. నిన్న పొద్దున పావు, ఇవాళ పొద్దున పావు.

సైకిలు మెల్లగా కిందికి దించాడు. తర్వాత నేను ఊహించని ప్రశ్న అడిగాడు.

"షాపులో నేను బెండు తీసిన ప్రతి చక్రాన్నీ మీరు మళ్ళీ తీసేవారు. బండి తాలూకు మనిషి ఎదురుగానే. వాటిలో నిజంగా బెండు ఉండేదా మామయ్యా?"

"మొదట్లో ఉండేది."

"తర్వాత?"

తర్వాత్తర్వాత నా గోటికి ఏమీ తగిలేది కాదు. అయినా కీ పెట్టి ఒక స్పోకు కాస్త తిప్పి, ఎవరూ చూడకుండా మళ్ళీ వెనక్కి తిప్పేసేవాణ్ణి. నా చెయ్యి పడందే ఏ చక్రమూ షాపు దాటకూడదని నాకు అదో ఇది. "తర్వాత ఉండేది కాదు" అన్నాను.

బస్సొచ్చింది. కండక్టరు తల బయటపెట్టి ఎక్కుతారా అని కేకేశాడు. అల్లుడు నా సంచిలోంచి స్పానర్లు తీసుకుని, నేలమీద కూర్చుని కోను వదులు చేశాడు. బస్సు వెళ్ళిపోయింది. చేతులు తుడుచుకుని, స్పానర్లు నా పక్కన పెట్టి, సైకిలెక్కి కొండపైకి వెళ్ళిపోయాడు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. ఏ మలుపులోనూ ఆగలేదు.

మిగతా కొండంతా నేను నడిచే ఎక్కాను. నాకు కోపం రాలేదు, అదే నాకు ఆశ్చర్యం. ఏడాదిన్నరపాటు ప్రతిరోజూ ఒక కుర్రాణ్ణి పనికిరానివాణ్ణి చేసి, ఆ తర్వాత ఏ పనిలోనూ నిలవడేమిటని ఆరేళ్ళు ఆశ్చర్యపోయాను. మా ఆవిడతో కూడా ఎన్నోసార్లు అన్నాను, వాడిలో నిలకడ లేదని.

కనుమ మీద ఎవరూ లేరు, గాలి తప్ప. అతణ్ణి అందుకోవాలన్న ఆత్రంలో దిగుడులో బ్రేకు వెయ్యకుండా వదిలేశాను. మూడో మలుపులో గుంత కనిపించింది, కానీ అప్పటికే ఆలస్యమైంది. లేచి చూసుకుంటే ముందు చక్రం అప్పడంలా వంకరపోయింది, కుడిచేతి బొటనవేలు ఉబ్బిపోయింది. స్పోకు కీ పట్టుకోబోతే ప్రాణం పోయినంత పనైంది. గట్టుమీద కూర్చున్నాను.

అరగంటకి కింద మలుపులో అల్లుడు కనిపించాడు. దిగిన కొండని మళ్ళీ తొక్కుకుంటూ పైకి వస్తున్నాడు.

"ఎంతకీ రాకపోతే అనుమానమొచ్చింది" అన్నాడు. నా వేలికి తువ్వాలు చింపి కట్టాడు. సైకిలు తలకిందులు చేసి చక్రం ముందు కూర్చున్నాడు. రిమ్ముని మోకాలికి ఆనించి మొదట పెద్ద వంకర లాగాడు. తర్వాత ఒక్కో స్పోకే, ఒకటి వదులు, ఎదురుది బిగువు. ఇంచుమించు గంట పట్టింది. నాకైతే పావుగంట పని. నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని కూర్చున్నాను.

అయ్యాక చక్రాన్ని తోసి, పాత అలవాటు కొద్దీ పక్కకి జరిగాడు. నేను లేచాను. గోరు పెట్టడానికి ఎడమ చెయ్యి చాలు. చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది కూడా. దాన్ని వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

"అయిందా?" అన్నాను.

"అయింది."

"అయితే పద."

ఆ రాత్రి దిగుడు మధ్యలో ఒక ఊరి బడి వరండాలో పడుకున్నాం. పొద్దున బయల్దేరేముందు "ఆ కోను సంగతి ఆవిడకి చెప్పక్కర్లేదు లెండి" అన్నాడు. ఆ రోజంతా దిగుడే. ఒకవైపు కొండ, ఇంకోవైపు లోయ. చక్రం ఏ మాత్రం వణికినా నా ఎముకలు ఏరుకోవాల్సిందే. అది ఎలా తిరుగుతోందని నేను కిందికి వంగి చూడలేదు. ముందు వెళ్తున్న అల్లుడి వీపు చూస్తూ దిగాను.

అమ్మాయి ఉండేది ఆసుపత్రి వెనక మేడమీద రెండు గదుల్లో. కిటికీ మీద తెల్ల బూట్లు ఆరేసి ఉన్నాయి. బెల్లు కొట్టగానే కిందికొచ్చింది. మొగుడి వైపు చూడకుండా నన్నడిగింది.

"బస్సెక్కారా?"

"లేదు."

"నువ్వు సాయం చేశావా?"

అల్లుడు నేలచూపులు చూస్తున్నాడు. "సాయం కాదమ్మా, అడ్డం పడ్డాను" అని మొత్తం చెప్పాను. కోనూ, పావు తిప్పులూ, షాపులో చక్రాలూ. ఆమె మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా సైకిలు హ్యాండిలు పట్టుకుని పైకెత్తి, ముందు చక్రాన్ని తోసి, బొటనవేలి గోరు రిమ్ము పక్కన పెట్టింది. ఆ షాపు నేలమీద పాకిన పిల్ల. చక్రం ఆగేదాకా అలాగే ఉంది.

"ఇదెవరు తీశారు?"

"మీ ఆయన. నిన్న, రోడ్డు పక్కన."

"నువ్వు చూశావా?"

"లేదు."

"చూడకుండానే ఆ కొండంతా దిగొచ్చావా నాన్నా?"

"ఆఁ."

తర్వాత సైకిలు దించి, మొగుడి దగ్గరికి వెళ్ళింది. "మెట్లు ఇరుకు. వెనకవైపు నువ్వు పట్టుకో" అని అతని సైకిలు ముందుభాగం ఎత్తింది. నేను మధ్యలో చెయ్యి వెయ్యబోతే ఇద్దరూ ఒకేసారి "వద్దు" అన్నారు.

పైకెక్కుతుంటే సైకిలు రెండుసార్లు గోడకి తగిలింది. నేనైతే ఎలా తిప్పేవాణ్ణో నాకు తెలుసు. కింది మెట్టుమీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని ఏడ్చాను.