రెక్కల మీది పేరు

నేను ఒక సీలింగ్ ఫ్యానును. తెల్లరంగు, మూడు రెక్కలు. నన్ను ఏ ఊళ్ళో తయారుచేశారో చెప్పలేను. తయారు కాగానే అట్టపెట్టెలో పెట్టి మూసేశారు. మళ్ళీ వెలుగు చూసింది కాకినాడలో ఒక ఎలక్ట్రికల్ దుకాణంలో. నన్ను కొన్నావిడ కాంతామణి టీచర్. గాలి ఎలా వస్తుందని ఆమె అడగలేదు. రెక్క మీద పేరు రాయించడానికి చోటు చాలుతుందా అని మాత్రం అడిగింది.

మనుషులకు దానం చేసిన వస్తువు మీద పేరు ఉండాలి. బల్లల మీద, గోడ గడియారాల మీద రాయిస్తారు. ట్యూబులైట్ల మీద కూడా రాయిస్తారు, వెలుగు కాస్త తగ్గినా సరే. పెయింటరు నా ఒక్కో రెక్క మీద ఎర్రరంగుతో ఒక్కో మాట రాశాడు: కుమారి, మృదుల, జ్ఞాపకార్థం. మృదుల టీచరుగారి ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదేళ్ళ పిల్ల. రక్త క్యాన్సరు. ఆ పాప పడుకున్న పిల్లల వార్డులోనే, నాలుగో మంచం పైన నన్ను బిగించారు.

నా బతుకులో ఒక తమాషా ఉంది. నేను తిరుగుతుంటే పేరు కనబడదు. పేరు కనబడిందంటే గాలి ఆగిపోయినట్టు.

టీచరుగారు ప్రతి ఆదివారం వచ్చి వార్డులో పిల్లలకు చదువు చెప్పేది. ఏ ప్రశ్న అడిగినా అప్పటికప్పుడే జవాబు చెప్పేది. డాక్టర్ రెహానా అక్కడే పిల్లల రక్తం మీద ఒక పరిశోధన చేస్తుండేది. ఈ రోగానికి ఇచ్చే మందు చాలా ఘాటైనది. కొందరికి అంతా కావాలి, కొందరికి సగం చాలు. ఎవరికి ఎంతో ముందుగా తెలిసే పరీక్ష కోసం ఆమె వెతుకుతోంది. మృదులకు రోగం తగ్గుముఖం పట్టినా, మందు ధాటికి ఒళ్ళు తట్టుకోలేకపోయింది. పరిశోధన సగంలో ఉండగానే నిధులు అయిపోవచ్చాయి. ఇంకో రెండు నెలలు దాటితే ఆపేయాలి.

డాక్టరమ్మ అడగని వాళ్ళు లేరు. రైసు మిల్లు సుబ్బారాయుడు గారు వార్డంతా తిరిగి చూసి, నా కిందే నిలబడి అన్నారు: "మంచాలడగండమ్మా, ఇస్తాను. కూలరడగండి, ఇస్తాను. పరిశోధనంటే పేరు దేనిమీద రాయిస్తారు?"

"రాయడానికి ఏమీ ఉండదండి."

"మరదే కదా నేననేది," అని ఆయన వెళ్ళిపోయారు.

అప్పట్లో నాలుగో మంచం మీద ఉప్పాడ నుంచి వచ్చిన లోహిత అనే ఆరేళ్ళ పిల్ల ఉండేది. తల్లి నూకరత్నం చేపలమ్ముకునే మనిషి, చదువు లేదు. మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. నేను ఆగాను. వెల్లకిలా పడుకున్న లోహిత నన్ను చూసి, టీచరుగారు నేర్పిన అక్షరాలన్నీ కూడబలుక్కోవడం మొదలుపెట్టింది.

"కు-మా-రి. మృ-దు-ల. జ్ఞా... ప... కా... ర్థం." ఊపిరి పీల్చుకుని, "జ్ఞాపకార్థం అంటే ఏటండి టీచర్?" అంది.

నూకరత్నం ముఖం వెలిగిపోయింది. "చూశారాండి, ఎంత పెద్దమాట చదివేసిందో మా పిల్ల! మందు పేరాండి అది?"

పక్కమంచం దగ్గర చదువుకున్న తల్లి ఒకతె ఉంది. ఆమె నన్నొకసారి చూసి, తన కొడుకును నేను కనబడకుండా మెల్లగా అటువైపు తిప్పి పడుకోబెట్టింది.

టీచరుగారు అది చూసింది. చాలాసేపు పుస్తకం సర్దింది. "రేపు చెబుతానమ్మా," అంది చివరికి.

"రేపు సోమవారం కదండి. మీరు రారుగా."

కానీ సోమవారం ఆమె వచ్చింది, తెల్లరంగు డబ్బా పట్టుకుని. వార్డుబాయ్ సూర్రావు స్టూలెక్కాడు, ఆమె కింద పట్టుకుంది.

"చెరపడం ఎందుకండి? రంగు కొత్తదానిలాగే ఉంది," అన్నాడు.

"చెరపడం లేదు సూర్రావూ. పైన ఒక పూత వేయిస్తున్నాను."

ఆ వారంలోనే ఆమె డాక్టరమ్మతో మాట్లాడడం విన్నాను. టీచరుగారి బడివాళ్ళు, పాత విద్యార్థులు కలిసి మృదుల పేరుతో ఒక చదువుగది కట్టిద్దామని విరాళాలు పోగుచేశారట. పాలరాతి ఫలకానికి కూడా చెప్పేశారట.

"గది వద్దు, ఆ డబ్బు మీ పరిశోధనకు ఇద్దామన్నాను. గంటసేపు వాదించారు. మా లెక్కల మాస్టారు, మరి పాప పేరు ఎక్కడుంటుందమ్మా అని అడిగారు."

"మీరేమన్నారు?"

"ఎక్కడా ఉండదన్నాను."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఈ సంగతి ఊళ్ళో పాకింది. సుబ్బారాయుడు గారు మళ్ళీ వచ్చి డాక్టరమ్మకు చెక్కు ఇచ్చారు. "నా పేరు కూడా ఎక్కడా రాయకండమ్మా. మా ఆవిడకి మాత్రం ఒకసారి ఫోను చేసి చెప్పండి," అన్నారు.

పరిశోధన ఆగలేదు. పరీక్ష చేసి చూస్తే లోహితకు సగం మందు చాలని తేలింది. వర్షాలు పడేనాటికి ఆ పిల్ల మంచం దిగి నడిచింది. చలికాలంలో నెత్తిన నూగు జుట్టుతో ఇంటికి వెళ్ళింది. అందరూ అలాగే వెళ్ళారని అబద్ధం చెప్పను. మునుపటికంటే ఎక్కువమంది వెళ్ళారు. పైనుంచి చూసే నాకు అది తెలుసు.

ఐదేళ్ళు గడిచాయి. వార్డుకు ఏసీ పెట్టారు. నన్ను దించి, పాత సామాన్ల గదికి తీసుకువెళుతూ సూర్రావు దారిలో వరండా గోడకు ఆనించాడు. అదే రోజు లోహిత తల్లితో రక్తపరీక్షకు వచ్చింది; వాళ్ళను చూడడానికి టీచరుగారూ వచ్చింది. ఇక ఏడాదికి ఒకసారి కనబడితే చాలని డాక్టరమ్మ చెప్పింది. నూకరత్నం ఆ మాట వరండాలో మూడుసార్లు చెప్పించుకుంది.

నా మీద తెల్లపూత అప్పటికి పెచ్చులూడింది. కింద ఎరుపు బయటపడింది. లోహిత వంగి, ఈసారి కూడబలుక్కోకుండా చదివేసింది. పక్కనున్న టీచరుగారి వైపు తిరిగింది.

"రేపు చెబుతానన్నారండి, ఆ రోజు."

"అన్నాను. ఆ మర్నాడు వచ్చాను గాని, చెప్పలేకపోయాను." టీచరుగారు నా రెక్క మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "మృదుల మా అమ్మాయి. నీకంటే ముందు ఆ మంచం మీద ఉండేది. ఇప్పుడు లేదు. జ్ఞాపకార్థం అంటే, మరిచిపోకుండా ఉండడానికి అని."

లోహిత రెక్క మీది మాటను మళ్ళీ చూసింది. "ఇంతేనాండి? ఇంతమాత్రం దానికి ఐదేళ్ళేటండి టీచర్?"

టీచరుగారు నవ్వింది. ఇన్నేళ్ళలో నేను చూడడం అదే మొదటిసారి.

సూర్రావు కడ్డీ పట్టుకుని నన్ను పైకెత్తాడు. ఆ పిల్ల ఊరుకోక ఒక రెక్కను వేలితో తోసింది. రెండు చుట్లు తిరిగాను. పేరు కనబడకుండా పోయింది. గాలి ఇద్దరికీ తగిలింది.