బత్తాయి ఆకులో రాగి

అత్తగారు గుర్వమ్మ మీద అరుణమ్మ ఫిర్యాదు ఒక్కటే: ఆమెకు తోమడం ఎక్కడ ఆపాలో తెలియదు. గిన్నెలు, గడపలు అయ్యాక చేతికి దొరికితే మనవరాలిని కూడా చింతపండు పెట్టి తోమేస్తుంది. కానీ గుర్వమ్మ ఒకనాడు బత్తాయి చెట్టును తోముతుందని అరుణమ్మ కలలో కూడా అనుకోలేదు.

అది పంతొమ్మిది వందల అరవై ఆరో సంవత్సరం. దేవరకొండలోని వాళ్ల పెరటి చెట్టుకు కొమ్మల కొసలు ఎండిపోతుంటే, తోటలకు మందు కొట్టే కరీం రాగి ఉండే మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టి పోయాడు. తెల్లారి ఆకుల మీద నీలపు మరకలు చూసి గుర్వమ్మ చింతపండు నానబెట్టింది. రాగి చెంబుకు పట్టే చిలుము రంగే అది! అరుణమ్మ స్నానం చేసి వచ్చేసరికి, చేతికి అందిన ఆకులన్నీ చింతపండు పులుసుతో తోమేసి ఉన్నాయి.

రెండు రోజుల్లో ఆ ఆకులు మాడి రాలాయి. గుర్వమ్మ వాకిట్లో నిలబడి వాడంతా వినేలా అరిచింది.

"కరీం విషం కొట్టిండు! ఎవ్వలు పిలువకుండ్రి!"

సాయంత్రానికి తోటల వాళ్లు కరీంను రావద్దన్నారు. అతను నేరుగా ఇక్కడికే వచ్చాడు.

"గట్లంటే నా పిల్లలేం తినాలె, అవ్వా?"

"రాగి కొట్టినవ్. ఆకుల రాగి పడితే చెట్టు బతుకుతదా?"

"అత్తమ్మా, ఆకుల రాగి ముందుగాల్నే ఉన్నది," అంది అరుణమ్మ.

"ఏందీ?"

హైదరాబాదులో బీయెస్సీ చదివి వచ్చినా, ఆ చదువును ఈ ఇంట్లో అడిగినవాళ్లు లేరు. అయినా అరుణమ్మ సైన్సు పత్రికలు మానలేదు.

"పప్పుల ఉండేసొంటి ప్రొటీను ఒకటి ఆకుల గూడ ఉంటది. దాన్ల రాగి ఉంటది, అందుకే నీలంగుంటది. ఎండకు ఆకుల ఎలక్ట్రాన్లు కదుల్తయి. ఒకటి అందుకుంటే నీలం పోతది, అవతలికి ఇచ్చేస్తే మల్ల నీలమైతది. బాయికాడ బిందె అందుకొని అందిచ్చినట్లే. గది లేకుంటే ఆకు తన తిండి వండుకోదు. మన చెట్టుకు రాగి తక్కువైంది, గందుకే కొసలు ఎండినయ్."

గుర్వమ్మ నోరు తెరిచింది. "అంటే గోంగూరల గూడ రాగి తింటున్నమా? ఒక్కనాడన్న చెప్పకపోతివి!"

"నువ్వు అడిగితే గద."

"మరి ఆకులెట్ల మాడినయ్?"

"ప్రొటీను రాగిని గట్టిగ పట్టుకుంటది. సున్నం గూడ గట్లనే పట్టుకున్నది. చింతపండు విడిపిచ్చింది. అట్ల బయటవడ్డ రాగి ఆకును కాల్చింది."

గుర్వమ్మ చెట్టు వైపు చూసింది. ఆమె చెయ్యి అందని పై కొమ్మలు నీలపు మరకలతోనే పచ్చగా ఉన్నాయి. కింద, ఆమె చెయ్యి పోయిన చోటల్లా ఉత్త పుల్లలు.

ఆమె మళ్లీ వాకిట్లోకి నడిచి గొంతెత్తింది.

"వినుండ్రి! కరీం తప్పేం లేదు. చెట్టును తోమింది నేను. తప్పు నాదే!"